ఫోన్లో యాప్ సరే, ఆఫీసులో ఉన్న నాలుగు రకాల లెక్కల సంగతేంటి?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. సేల్స్ వాళ్ళకి, గోడౌన్ వాళ్ళకి, కలెక్షన్ కుర్రాళ్ళకి ఫోన్లో యాప్ ఇద్దామనుకుంటున్నాం, కానీ ఆఫీసులో ట్యాలీ ఒకటి, ఎక్సెల్ ఒకటి, ఎప్పటిదో పాత సాఫ్ట్‌వేర్ ఇంకొకటి, వీటన్నిటికీ ఆ యాప్‌ని ఎలా కలపాలి అని. అందుకే మిగతావి వచ్చే నెలకి పెట్టి ఈసారి మొత్తం దీనికే ఇస్తున్నాను. పేర్లు వేయొద్దని కొందరు అడిగారు కాబట్టి అందరివీ ఊళ్ళే వేశాను.

ప్రశ్న: గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్స్‌లో మాది సబ్బులు, బిస్కెట్లు, కిరాణా డిస్ట్రిబ్యూషన్ అండి. అకౌంట్స్ ట్యాలీలో చేస్తాం. గోడౌన్ స్టాకు మా బావమరిది ఎక్సెల్‌లో రాస్తాడు. ఒక పెద్ద కంపెనీ సరుకుకి మాత్రం వాళ్ళిచ్చిన సాఫ్ట్‌వేర్‌లోనే బిల్లు కొట్టాలి. ఆర్డర్లు వాట్సాప్‌లో వస్తాయి. ఉయ్యూరు, గుడివాడ, మైలవరం లైన్లకి వెళ్ళే కుర్రాళ్ళకి ఒకే యాప్ ఇచ్చి అందులో పార్టీ బాకీ, స్టాకు, రేటు కనపడేలా, ఆర్డర్ అక్కడే కొట్టేలా చేయాలని మా ఆలోచన. ఒకాయన నెలలో అన్నీ కలిపేస్తానంటున్నాడు, ఇంకొకాయన ఇవన్నీ తీసేసి ఈఆర్పీ (అకౌంట్స్, స్టాకు, బిల్లింగ్ అన్నీ ఒకేచోట ఉండే పెద్ద సాఫ్ట్‌వేర్) పెట్టుకోమంటున్నాడు. ఎవరి మాట వినాలి? (డిస్ట్రిబ్యూటర్, విజయవాడ)

జవాబు: ఇద్దరిలో ఎవరికీ ఇప్పుడే అడ్వాన్స్ ఇవ్వకండి. ముందు మీరూ, మీ అకౌంటెంటూ, మీ బావమరిదీ ఒక మధ్యాహ్నం కూర్చుని ఒక్క విషయం తేల్చుకోవాలి, ఏ లెక్కకి ఎవరిది ఆఖరి మాట అని. పార్టీ బాకీ ఎంత అంటే ట్యాలీ ఏం చెప్తే అదే, ఇందులో గొడవ లేదు. స్టాకు దగ్గరకొచ్చేసరికి అసలు తలనొప్పి మొదలవుతుంది, ట్యాలీ కూడా స్టాకు చూపిస్తుంది, ఎక్సెల్ కూడా చూపిస్తుంది, రెండూ ఏనాడూ కలవవు. ఎందుకు కలవవంటే బిల్లు కొట్టగానే ట్యాలీలో సరుకు తగ్గిపోతుంది కానీ నిజంగా బండెక్కేది మర్నాడు పొద్దున, అలాగే డ్యామేజీ కింద వెనక్కొచ్చిన పెట్టెలు గోడౌన్లో మూలన ఉంటాయి కానీ క్రెడిట్ నోట్ (వాపసు వచ్చిన సరుకు డబ్బు తగ్గించే ఎంట్రీ) పడేదాకా ట్యాలీకి ఆ సంగతే తెలీదు. మరి ఈ రెండు అంకెల్లో కుర్రాడి ఫోన్లో ఏది కనపడాలి? ఇది సాఫ్ట్‌వేర్ ఆయన తేల్చేది కాదండి, వ్యాపారం మీది, మీరే తేల్చాలి. నన్నడిగితే గోడౌన్లో అమ్మకానికి పనికొచ్చే సరుకు ఎంతుందో తీసుకుని, అందులోంచి ఇంకా లోడ్ కాని ఆర్డర్లు తీసేసి, మిగిలింది చూపించాలి. కుర్రాడు గుడివాడలో షాపు ముందు నిలబడి రేపు పంపిస్తానండీ అని మాటిచ్చేది ఆ అంకె చూసే కదా.

రేట్లూ స్కీములూ ఆ కంపెనీ సరుకుకైతే కంపెనీ సాఫ్ట్‌వేర్‌వే, మీ సొంత సరుకుకైతే ట్యాలీవి. కొత్త షాపు చేర్చడం కూడా ఒక్కచోటే జరగాలి. మిగతా చోట్ల కనపడేదంతా కాపీ, కాపీని ఎవరూ దిద్దకూడదు, తప్పుంటే అసలు చోటుకెళ్ళి దిద్దాలి. ఈ ఒక్క కాగితం రాసుకోకుండా యాప్ మొదలెట్టి, ఆర్నెల్ల తర్వాత స్టాకు ఎందుకు తేడా వస్తోందో ఎవరికీ అంతుబట్టక యాప్ పక్కన పడేసిన షాపులు మన బెజవాడలోనే చాలా చూశాను, చాలా బాధనిపిస్తుంది, డబ్బులు పోవడం ఒక ఎత్తు, ఇక జన్మలో సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్ళం అనే మాట ఇంకో ఎత్తు.

ఇక కలపడం. నెలలో చేస్తానన్నాయన్ని ఎలా కలుపుతావయ్యా అని అడగండి. యాప్‌లోంచి నేరుగా ట్యాలీకి ఒక దారి, ఎక్సెల్‌కి ఒక దారి, కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి ఒక దారి అంటే వద్దనండి. ఇవాళ ఒక యాపే అనుకుంటారు, రేపు గోడౌన్‌కి ఒకటి, డెలివరీ ఆటో డ్రైవర్‌కి ఒకటి, ఇంట్లోంచి చూసుకోడానికి మీకొకటి కావాలంటారు. 4 యాప్‌లు, 6 సిస్టమ్‌లు అనుకుంటే విడివిడిగా వేస్తే 24 దారులు, ట్యాలీలో ఒక్క ఫీల్డు మారినా నాలుగు యాప్‌లూ మళ్ళీ విప్పాలి. అదే మధ్యలో ఒక సర్వర్ (ఎప్పుడూ ఆన్‌లో ఉండే కంప్యూటర్), అందులో లెక్కలు దాచే మీ సొంత డేటాబేస్ ఒకటి పెట్టి, ఇటు సిస్టమ్‌లన్నీ దానికీ అటు యాప్‌లన్నీ దానికీ కలిపితే 10 దారులతో పోతుంది. ట్యాలీ మార్చినా యాప్‌కి తెలియాల్సిన పని ఉండదు.

ట్యాలీ సంగతి కొంచెం వివరంగా చెప్తాను, మన ఊళ్ళో ఎక్కువమంది దగ్గర ఉండేది అదే కాబట్టి. ట్యాలీ బయటి ప్రోగ్రాములతో, సమాచారం రాసి పంపుకునే పద్ధతుల్లో ఒకటైన ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో మాట్లాడుతుంది, మామూలుగా 9000 పోర్టు మీద, పోర్టంటే ప్రోగ్రాములు వచ్చిపోయే తలుపు లాంటిది. కాకపోతే ఆ కంప్యూటర్లో ట్యాలీ తెరిచి, మీ కంపెనీ లోడ్ అయి ఉంటేనే జవాబిస్తుంది. అకౌంటెంట్ రాత్రి షట్‌డౌన్ చేసి ఇంటికెళ్ళిపోతే తెల్లారి 6 గంటలకి లైన్‌కి బయల్దేరిన కుర్రాడికి ఏమీ కనపడదు. అందుకే మధ్యలో కాపీ ఉండాలంటున్నది. ఆఫీసు కంప్యూటర్లో చిన్న ప్రోగ్రాం ఒకటి కూర్చుని కొన్ని నిమిషాలకోసారి ట్యాలీని అడిగి, మారినవి మాత్రమే పైకి పంపాలి. ప్రతి లెడ్జర్‌కీ (ఖాతా), వోచర్‌కీ (బిల్లు, రసీదు లాంటి ఎంట్రీ) ట్యాలీ లోపల ఆల్టర్ ఐడీ అని ఒక నంబర్ ఉంటుంది, ఎవరైనా మార్చినప్పుడల్లా అది పెరుగుతుంది, కిందటిసారి ఎక్కడ ఆగామో గుర్తుపెట్టుకుని అంతకన్నా పెద్దవి అడిగితే సరిపోతుంది. ప్రతిసారీ ఏడాది లెక్క మొత్తం లాగితే అవతల బిల్లింగ్ చేసే అమ్మాయికి ట్యాలీ స్టక్ అయిపోతుంది, ఇంక మీ ఆఫీసులో అందరూ యాప్‌ని తిట్టుకుంటారు. ఇందులో ఒక మెలిక ఉంది, డిలీట్ చేసిన వోచర్ ఇలా అడిగితే దొరకదు, అది లేదు కాబట్టి నంబరూ లేదు. అందుకని రోజుకోసారి, ఆఫీసు మూసే ముందు, పార్టీల మొత్తం బాకీ రెండు పక్కలా సరిచూసే పని పెట్టించండి. మీ డెవలపర్‌ని డిలీట్ అయిన బిల్లు సంగతేంటి అని అడిగి చూడండి, ఆయనకి పని తెలుసో లేదో ఆ ఒక్క ప్రశ్నతో తెలిసిపోతుంది.

ఫోన్లో బాకీ పక్కన అది ఎన్ని గంటల లెక్కో కూడా వేయించండి. బాకీ 18,400, పొద్దున 10:40 నాటికి, అని ఉంటే కుర్రాడూ నమ్ముతాడు, షాపాయన నేను 11 గంటలకి ఫోన్‌పే కొట్టాను కదా అంటే వాదన కూడా ఉండదు.

తర్వాత పేర్లు. లక్ష్మీ జనరల్ స్టోర్స్ అనే పేరు ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది, పైగా ట్యాలీలో ఒకలా, ఎక్సెల్‌లో ఒకలా, కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఇంకోలా స్పెల్లింగ్ ఉంటుంది, కంప్యూటర్‌కి అవి మూడు షాపులు. జీఎస్టీ నంబర్ పట్టుకుని కలుపుదాం అంటారు చాలామంది, అది 15 అక్షరాలది, మొదటి రెండంకెలు రాష్ట్రం, మనది 37, తర్వాత పది పాన్ నంబర్, బాగానే ఉంటుంది కానీ ఒకే ఓనర్‌కి ఉయ్యూరులో ఒక కొట్టు, కంకిపాడులో ఒక కొట్టు ఉంటే రెండిటికీ ఒకటే జీఎస్టీ నంబర్ ఉండొచ్చు, చిన్న కొట్లకి అసలు ఉండదు. ఫోన్ నంబర్లు మారిపోతుంటాయి. కాబట్టి మీ సొంత కోడ్ ఒకటి ప్రతి కొట్టుకీ ఇచ్చి, ఏ సిస్టమ్‌లో దాని పేరేంటో ఒక టేబుల్ రాయించండి. విసుగు పుట్టే పని, లైన్ తెలిసిన పాత సేల్స్‌మన్ పక్కన కూర్చుంటే తప్ప అవదు. ప్రాజెక్టు నిలబడేదీ పడిపోయేదీ మాత్రం ఈ టేబుల్ దగ్గరే.

ఈఆర్పీ అన్నాయన మాట తప్పని నేననను, మీ వ్యాపారం పెరిగితే ఎప్పటికైనా కావాల్సిందే. కానీ ఈఆర్పీ పెట్టినంత మాత్రాన ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ పోదు, బ్యాంకు పోదు, 50 వేలు దాటిన సరుకు కదిలితే ఈ-వే బిల్లు పోదు, టర్నోవర్ 5 కోట్లు దాటిన వాళ్ళకి 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి కాబట్టి ఆ ప్రభుత్వ పోర్టల్ కూడా పోదు. కలపడం అనే పని ఎలాగూ ఉంటుంది, దాంతోనే మొదలెట్టండి. మొదటి విడతలో చూడ్డం మాత్రమే పెట్టండి, బాకీ, స్టాకు, రేటు. అంకెలు కరెక్టేనని కుర్రాళ్ళే చెప్పాక ఆర్డర్లు తెరవండి. అప్పుడు కూడా ఫోన్లో ఆర్డరే, బిల్లు మాత్రం ఆఫీసులో ఒక మనిషి చూసి కొట్టాలి.

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేటలో పైపులు, మోటార్ల డీలర్ దగ్గర అకౌంటెంట్‌గా చేస్తున్నానండి. యాప్ చేసేవాళ్ళు మా డేటాబేస్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వమంటున్నారు, రౌటర్లో పోర్టు తెరవమంటున్నారు, రిమోట్ సాఫ్ట్‌వేర్ రాత్రీ పగలూ ఆన్‌లో ఉంచమంటున్నారు. మా ఓనర్ గారు ఇచ్చేయమ్మా పోయేదేముంది అంటున్నారు. నాకైతే భయంగా ఉంది. (అకౌంటెంట్, గుంటూరు)

జవాబు: మీ భయం కరెక్టేనమ్మా, ఇవ్వకండి. ఓనర్ గారికి నేను చెప్పానని ఈ పేజీ చూపించండి. డేటాబేస్ పోర్టుని, అంటే ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే మైక్రోసాఫ్ట్ డేటాబేస్ అయితే 1433, నేరుగా ఇంటర్నెట్‌కి తెరిస్తే మీ ఆఫీసు గుంటూరులో ఉందా గుడివాడలో ఉందా అని చూడకుండా ప్రపంచంలో ఎక్కడెక్కడి ప్రోగ్రాములో వచ్చి పాస్‌వర్డ్‌లు కొట్టి చూస్తూనే ఉంటాయి, నిద్రపోవు. ఒకటి తగిలితే మర్నాడు పొద్దున ఫైళ్ళన్నీ లాక్ అయిపోయి డబ్బు కట్టమని ఒక నోటు ఉంటుంది. మార్చి నెలాఖర్లో అలా జరిగితే మీ పరిస్థితేంటో మీకు నేను చెప్పక్కర్లేదు.

అసలు పోర్టు తెరవాల్సిన అవసరమే లేదు. పై జవాబులో చెప్పిన చిన్న ప్రోగ్రాం ఆఫీసు లోపల్నుంచి బయటి సర్వర్‌కి తనే కబురు పంపుతుంది, బయటివాళ్ళు లోపలికి రానక్కర్లేదు. దానికి అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా వద్దు, చదవడానికి మాత్రమే హక్కున్న యూజర్ ఒకటి విడిగా చేసి, కావాల్సిన టేబుల్స్ వరకే చూపించి ఇవ్వండి. జీతాల టేబుల్‌తో సేల్స్ యాప్‌కి ఏం పని? రిమోట్ సాఫ్ట్‌వేర్ కావాలన్నప్పుడు మీరే ఆన్ చేసి, మీరు ఎదురుగా కూర్చున్నంతసేపే ఉంచి, పని అవగానే ఆపేయండి.

ఇంకో మాట కచ్చితంగా అడగండి, డేటాబేస్ పాస్‌వర్డ్ యాప్ లోపల రాసి పెడుతున్నారా అని. ఆండ్రాయిడ్ యాప్ ఫైలు విప్పి లోపల ఏముందో చదవడం ఇంజనీరింగ్ కుర్రాడికి కూడా పెద్ద పని కాదు. పాస్‌వర్డ్ ఉండాల్సింది మధ్య సర్వర్లో, ఫోన్లో ఉండాల్సింది కొద్దిసేపు మాత్రమే పనిచేసే టోకెన్, అంటే లోపలికి రానిచ్చే తాత్కాలిక చీటీ, అది కూడా మనిషికొకటి, ఫోన్‌కొకటి. ఇలా టోకెన్ ఇచ్చే ఓఆథ్ 2.0 అనే పద్ధతి 2012 నుంచి స్టాండర్డ్‌గా ఉంది, కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. అలా ఉంటే సేల్స్ కుర్రాడు మానేసినా, బస్సులో ఫోన్ పోగొట్టుకున్నా, ఆ ఒక్క ఫోన్‌ని కట్ చేస్తే చాలు. అందరికీ ఒకటే లాగిన్ ఇచ్చిన చోట ఒకడు మానేస్తే అందరి పాస్‌వర్డూ మార్చాలి, అందుకని ఎవరూ మార్చరు, మానేసినవాడు పక్క డీలర్ దగ్గర చేరి మీ రేట్లు రోజూ చూస్తుంటాడు. తెనాలి లైన్ కుర్రాడికి తెనాలి పార్టీలే కనపడాలి, మొత్తం లిస్టు వద్దు. కస్టమర్ల పేర్లు, నంబర్లు జాగ్రత్తగా ఉంచాల్సిన బాధ్యత మీద 2023లో డిజిటల్ పర్సనల్ డేటా చట్టం కూడా వచ్చిందని ఓనర్ గారికి గుర్తుచేయండి.

ప్రశ్న: అన్నా, నేను మాచర్ల, వెల్దుర్తి వైపు కలెక్షన్ చేస్తాను, ఆఫీసు గుంటూరు. కొన్ని ఊళ్ళల్లో సిగ్నల్ అసలు ఉండదు. డబ్బు తీసుకుని యాప్‌లో సేవ్ నొక్కితే చక్రం తిరుగుతానే ఉంటది, పడలేదేమో అని మళ్ళీ నొక్కితే రెండు రసీదులు పడతన్నాయి. నెలాఖరుకి ఆఫీసులో నా మీద షార్టేజీ రాస్తున్నారు. జీతంలో కట్ చేశారు కూడా. నా తప్పేంటి? (కలెక్షన్ బాయ్, నరసరావుపేట)

జవాబు: నీ తప్పు ఏమీ లేదు తమ్ముడూ. ఆ యాప్ కట్టిన తీరులో తప్పు. నీ జీతంలో కట్ చేయడం అన్యాయం, ఈ జవాబు మీ మేనేజర్ గారికి చూపించి ఆ డబ్బు వెనక్కి అడుగు.

ఏం జరుగుతోందో చెప్తాను. నువ్వు 5,000 రసీదు సేవ్ నొక్కావు. ఆ కబురు ఆఫీసు సర్వర్‌కి చేరింది, రసీదు రాసేసింది, సరే అందింది అని తిరుగు కబురు పంపింది. ఈలోపు నీ సిగ్నల్ పోయింది, ఆ తిరుగు కబురు నీదాకా రాలేదు. నీ ఫోన్‌కి తెలిసింది ఒకటే, జవాబు రాలేదని. రసీదు పడలేదా, పడి కబురు రాలేదా, ఈ రెండిట్లో ఏదో ఫోన్‌కి తెలీదు, నీకూ తెలీదు. మళ్ళీ నొక్కితే సర్వర్ అది ఇంకో కొత్త 5,000 అనుకుని ఇంకోటి రాసింది.

దీనికి మందు చాలా పాతది, చాలా తేలికైంది. నువ్వు రసీదు ఫారం తెరవగానే ఫోనే దానికి ఎక్కడా రెండోసారి రాని పొడుగాటి నంబర్ ఒకటి పెట్టేయాలి, సేవ్ నొక్కాక కాదు, తెరిచినప్పుడే. నువ్వు సేవ్ పదిసార్లు నొక్కినా అదే నంబర్‌తో వెళ్ళాలి. సర్వర్ ఆ నంబర్ ఇదివరకే చూసి ఉంటే కొత్తగా ఏమీ రాయకుండా పాత రసీదే తిరిగి చూపించాలి. డేటాబేస్‌లో ఆ నంబర్ రెండుసార్లు పడకుండా కట్టడి పెడితే అయిపోతుంది. డబ్బు విషయం చూసే ఏ యాప్‌కైనా ఇది లేకపోతే ఆ యాప్ జనం చేతికి ఇవ్వకూడదు, నేను గట్టిగా చెప్తున్నాను.

రెండోది, సేవ్ అనేది సిగ్నల్ కోసం ఆగకూడదు. ముందు ఫోన్లోనే ఉండే డేటాబేస్‌లో, ఆండ్రాయిడ్‌లో ఎస్‌క్యూలైట్ అని ఉంటుంది, అందులో రాసేసి, సిగ్నల్ వచ్చినప్పుడు పంపుకోవాలి. స్క్రీన్ మీద ప్రతి రసీదు పక్కనా అది ఎక్కడిదాకా వెళ్ళిందో కనపడాలి, ఫోన్లోనే ఉంది, సర్వర్‌కి చేరింది, ఆఫీసు పుస్తకంలో పడింది, ఈ మూడూ వేరువేరు. నీ యాప్‌లో సేవ్డ్ అని ఒక్క మాటే వస్తోంది కదా, ఎక్కడ సేవ్ అయిందో ఎవడికి తెలుసు?

నీ ఫోన్ వైపు కూడా ఒకటి చూసుకో. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి ఫోన్ వాడకుండా, కదలకుండా ఉంటే బ్యాటరీ కోసం యాప్‌లని నిద్రపుచ్చుతుంది, కొన్ని కంపెనీల ఫోన్లు ఇంకా గట్టిగా చేస్తాయి. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ రిస్ట్రిక్షన్ తీసేయి, ఆటోస్టార్ట్ ఉంటే ఆన్ చెయ్యి, మాచర్ల టౌన్‌లోకి రాగానే ఒకసారి యాప్ తెరిచి అన్నీ చేరాయో లేదో చూడు. ఫోన్ టైం కూడా ఆటోమేటిక్‌లోనే ఉంచు, తేదీ తప్పుంటే రసీదులు ముందూ వెనకా అయిపోతాయి. యాప్ బాగుపడేదాకా కాగితం రసీదు బుక్కు వదలొద్దు, ఆ రసీదు నంబర్ యాప్‌లో రిమార్క్స్‌లో కొట్టు, రెండుసార్లు పడితే ఒకే కాగితం నంబర్ రెండిటి మీదా ఉంటుంది కాబట్టి ఎవరూ నిన్ను అనలేరు. తప్పు పడ్డ రసీదుని డిలీట్ చేయమని మాత్రం అడగొద్దు, క్యాన్సిల్ ఎంట్రీ వేయించు, ఎందుకు తీశారో రేపు ఆడిటర్‌కి కనపడాలి.

ప్రశ్న: మా స్టాఫ్ ఫోన్లో కస్టమర్ పేర్లు తెలుగులో కొడుతున్నారు, ఫోన్లో బాగానే కనపడుతున్నాయి, ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చేసరికి అన్నీ ప్రశ్నార్థకాలే. (బెంజి సర్కిల్, విజయవాడ)

జవాబు: మీది ఎస్‌క్యూఎల్ సర్వర్ అయి ఉంటుంది. పేరు దాచే కాలమ్ వర్‌చార్ రకంది అయి ఉంటుంది, అందులో మామూలుగా తెలుగు పట్టదు, దాన్ని అన్ని భాషల అక్షరాలూ పట్టే ఎన్‌వర్‌చార్‌కి మార్చాలి, పేరుని నేరుగా క్వెరీలో (డేటాబేస్‌కి ఇచ్చే ఆదేశంలో) రాసి పంపుతుంటే కొటేషన్ ముందు ఎన్ అక్షరం కూడా పెట్టాలి, ఈ రెండిట్లో ఏది మర్చిపోయినా మళ్ళీ ప్రశ్నార్థకాలే. ఇప్పటికే ప్రశ్నార్థకాలుగా పడినవి మాత్రం వెనక్కి రావు, అక్కడ అక్షరం పోయి ప్రశ్నార్థకమే మిగిలింది. ఫోన్లలో ఇంకా ఉంటే అక్కడ్నుంచి మళ్ళీ పంపించండి, అందుకని బాగుచేసేదాకా ఎవరినీ యాప్ తీసేసి మళ్ళీ వేసుకోనివ్వకండి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన పేర్లుంటే అది వేరే సంగతి, వాటిని ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, మార్చాక ఒత్తులు ఒకసారి మనిషి చూడాలి.

ప్రశ్న: గుంటూరు దగ్గర మాకు మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. లాట్ల (ఒక్కో రైతు దించిన సరుకు) లెక్కంతా మా నాన్నగారి టైంలో చేయించిన, మైక్రోసాఫ్ట్ వాళ్ళ పాత ఫాక్స్‌ప్రో సాఫ్ట్‌వేర్‌లో ఉంది, అది చేసినాయన ఇప్పుడు లేరు. గేటు దగ్గర టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగేటప్పుడే ఫోన్లో ఎంట్రీ చేయాలి, రైతు ఫోన్ చేస్తే వెంటనే ఎన్ని ఉన్నాయో చెప్పాలి. ఆ సాఫ్ట్‌వేర్‌కి యాప్ కలుస్తుందా? (కోల్డ్ స్టోరేజీ, గుంటూరు)

జవాబు: చదవడానికి కలుస్తుంది, రాయడానికి కలపొద్దు. ఫాక్స్‌ప్రో లెక్కలు మామూలు ఫైళ్ళలో ఉంటాయి, పక్కన ఏ లెక్క ఎక్కడుందో చూపే ఇండెక్స్ ఫైళ్ళు ఉంటాయి, బయట్నుంచి ఇంకో ప్రోగ్రాం వాటిలో రాయబోయి మధ్యలో కరెంటు పోయినా, నెట్‌వర్క్ తెగినా ఇండెక్స్ చెడిపోయి లాట్లు కనపడకుండా పోతాయి. సరుకు లోపలే ఉంటుంది, లెక్కలో ఉండదు. సీజన్‌లో లారీలు గేటు బయట వరస కట్టి ఉన్నప్పుడు అలా జరిగితే తట్టుకోలేరు. మైక్రోసాఫ్ట్ కూడా ఆఖరి వెర్షన్‌కి 2015 జనవరిలో సపోర్ట్ ఆపేసింది.

రాత్రిపూట ఆ ఫైళ్ళ కాపీ తీసి కొత్త డేటాబేస్‌లోకి ఎక్కించండి, రైతుకి చెప్పడానికి ఫోన్లో అది చూసుకోవచ్చు. గేటు ఎంట్రీలు మాత్రం మొదట్నుంచీ కొత్త డేటాబేస్‌లోనే పడాలి, వాటిని ఆఫీసులో మనిషి చూసి పాత సాఫ్ట్‌వేర్‌లో కొట్టుకోవాలి, కొత్త సీజన్ మొదలైన రోజున పాతది చూడ్డానికి మాత్రమే ఉంచి పూర్తిగా ఇటు వచ్చేయండి. సీజన్ మధ్యలో మాత్రం మారొద్దు.

లాట్ నంబర్ ఎవరిస్తారో ముందే తేల్చండి. రెండు గేట్లలో రెండు ఫోన్లు, సిగ్నల్ లేకపోతే రెండూ ఒకే నంబర్ ఇచ్చేస్తాయి, అందుకని గేటుకొక అక్షరం ముందు పెట్టి నంబర్లు విడగొట్టండి. రకం పేరు టైప్ చేయనివ్వకుండా లిస్టులోంచి ఎంచుకునేలా పెట్టండి, లేకపోతే 334 ని ఒకడు సన్నం అని, ఒకడు ఎస్-4 అని, ఇంకొకడు 334 అని కొడతాడు, 334 లెక్క ఎంతో అడిగితే మూడు రకాల 334లు వస్తాయి. కాటా యంత్రానికి కంప్యూటర్‌కి కలిపే వైరు ఉంటే బరువు దాన్నుంచే తీసుకోండి, చేత్తో కొట్టొద్దు.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది బ్యాంకు లోన్ ఉన్న లాట్లు. సరుకు మీ గదిలో ఉన్నా, రైతు ఎదురుగా నిలబడి అడుగుతున్నా, బ్యాంకు నుంచి రిలీజ్ రానిదే బయటికి పంపకూడదు కదా. టిక్కీలు ఎన్నున్నాయో చెప్పేది మీ లెక్క, అవి బయటికి వెళ్ళొచ్చో లేదో చెప్పేది బ్యాంకు. ఫోన్లో ఈ రెండూ పక్కపక్కన వేరువేరుగా కనపడాలి, రిలీజ్ లెటర్ నంబర్ ఆఫీసులో ఎక్కించే దాకా గేటు ఫోన్లో డెలివరీ బటన్ తెరుచుకోకూడదు. ఒక్క లాట్ పొరపాటున వెళ్ళినా బ్యాంకుకి జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

ప్రశ్న: సర్, నేను బీటెక్ ఫైనలియర్, గుంటూరు. కోడింగ్ లేకుండా యాప్‌షీట్, పవర్ యాప్స్‌తో ఇలాంటివి చేయొచ్చంటున్నారు, నిజమేనా? నేను ఏం నేర్చుకోవాలి? (విద్యార్థి)

జవాబు: నిజమే తమ్ముడూ, చిన్న షాపుకి గూగుల్ షీట్ మీద యాప్‌షీట్ పెట్టి రెండు రోజుల్లో పని నడిపించొచ్చు, అందులో తక్కువతనం ఏమీ లేదు. కానీ అవి ఎక్కడ ఆగిపోతాయో తెలిసుండాలి. పవర్ యాప్స్‌లో కొన్ని రకాల వెతుకులాటలు డేటాబేస్ దగ్గర జరగవు, వరసలు ఫోన్లోకి తెచ్చుకుని వెతుకుతుంది, అప్పుడు మామూలుగా 500 వరసలే తెస్తుంది, సెట్టింగ్ మార్చినా 2,000 వరకే. 3,000 మంది పార్టీలున్న డీలర్ ఒక షాపు పేరు వెతికితే లేదు అని వస్తుంది, ఎర్రర్ రాదు, ఉన్న షాపునే లేదంటుంది. టెస్టింగ్‌లో పది షాపులతో చూసి బాగుందనుకుని ఇచ్చేసినవాళ్ళు ఇక్కడే దొరికిపోతారు.

నేర్చుకోవాల్సింది ఎస్‌క్యూఎల్ బాగా, పైపైన కాదు, ఆ తర్వాత ఏపీఐ (ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంతో మాట్లాడే దారి) అంటే ఏంటో, జేసన్, ఎక్స్‌ఎమ్‌ఎల్ ఎలా ఉంటాయో. ట్యాలీ ఎడ్యుకేషనల్ మోడ్ డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు, నెలలో 1, 2 లాంటి కొన్ని తేదీలకే ఎంట్రీలు పడతాయి, నేర్చుకోడానికి అది చాలు. ఒక డమ్మీ కంపెనీ పెట్టి, ఇరవై లెడ్జర్లు చేసి, నీకొచ్చిన ఏ భాషలోనైనా చిన్న ప్రోగ్రాం రాసి 9000 పోర్టు మీద ఆ లెడ్జర్లని బయటికి తెచ్చి ఒక డేటాబేస్‌లో పెట్టు. తర్వాత ట్యాలీలో ఒక లెడ్జర్ పేరు మార్చు, ఇంకోటి డిలీట్ చెయ్యి, ఆ రెండూ నీ డేటాబేస్‌లో కూడా సరిగ్గా మారేదాకా ప్రోగ్రాంని దిద్దుతూ ఉండు. అది అయ్యాక నాకు రాయి, గొల్లపూడిలోనూ ఆటోనగర్‌లోనూ ఈ పని తెలిసిన కుర్రాళ్ళ కోసం వెతుకుతున్నవాళ్ళు నాకు తెలుసు.